మానేసినోడి పక్కన ఎవరు కూర్చుంటారు?

పోస్టు పెద్దదే, కొంచెం ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. చదువు రాని మన ఇంటి పెద్దలకు ఇందులో పనికొచ్చే ముక్కలు చదివి వినిపించండి.

మన గ్రూపులో తాగుడు మీద పోస్టులు కొత్త కాదు. బెల్టు షాపులు మూయించాలని, గుడుంబా బంద్ కావాలని, గంజాయి కేసుల్లో మన పిల్లలు ఇరుక్కుంటున్నారని ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. అవన్నీ రాయాల్సినవే. కానీ తాగుడు మానేసినోడి గురించి ఎవరూ రాయరు. ఆస్పత్రికి పోయి, మందులు మింగి, వణుకు తగ్గించుకొని ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత ఎట్లా బతుకుతున్నాడు? మనసు జబ్బు చేసి, కుదురుకొని, మళ్లీ కట్టెలకు, కూలికి పోతున్న అక్కని గూడెం ఏమని పిలుస్తోంది? ఈ పోస్టు వాళ్ల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాళ్ల పక్కన ఉండాల్సిన మన గురించి.

మా హాస్టల్ రూములో ఎనిమిది మందిమి. దుమ్ముగూడెం, చర్ల, గుండాల, టేకులపల్లి, కారేపల్లి వైపు గూడేల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్లం. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మాటల్లో మాట వచ్చి లెక్కేసుకుంటే, ఇంట్లోనో పక్కింట్లోనో ఇట్లాంటి మనిషి లేనివాడు మాలో ఒక్కడూ లేడు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం లోపల దాచుకున్నాం, అంతే. అందుకే ఇది ఎనిమిది మందిమి కలిసి రాస్తున్నాం. ఎవరి మామ, ఎవరి అక్క అన్నది చెప్పం. మీరూ అడగొద్దు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మనం సిగ్గుపడాల్సిన పని లేదు. "మీవాళ్లంతా తాగుడే కదా" అని కాలేజీలో అనేవాళ్లకు ఒక లెక్క చెప్పండి. కేంద్ర ప్రభుత్వం చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణ మొత్తంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతారు. ఇందులో పట్నపోళ్లూ ఉన్నారు, ఉద్యోగస్తులూ ఉన్నారు. తాగుడు అడవిలో పుట్టిన జబ్బు కాదు.

మన పెద్దలకు ఇప్పసారా, జీలుగు కల్లు ఉన్నాయి. అయితే దానికో కాలం ఉండేది. ఇప్పపువ్వు రాలేది ఎండాకాలం మొదట్లో. కల్లు పారేది కొన్ని నెలలు. పండక్కి, పెళ్లికి, చావుకి, ముందు పెద్దలకు నాలుగు చుక్కలు నేలమీద పోసి తర్వాత తాగేవాళ్లు. చెట్టు ఇవ్వడం ఆపేస్తే మనిషి తాగడం ఆగేది. ఇప్పుడు బెల్టు షాపులో దొరికే క్వార్టర్‌కి కాలం లేదు. 365 రోజులూ ఉంటుంది, అప్పుకీ ఉంటుంది. మిరప కోతల డబ్బు, తునికాకు డబ్బు చేతిలో పడే వారంలో ఇంకో రెండు దుకాణాలు పుట్టుకొస్తాయి. పాత అలవాటు పేరు మీద కొత్త సరుకు అమ్ముతున్నారు. ఈ తేడా మన పెద్దలకు బాగా తెలుసు. మనమే మర్చిపోతున్నాం.

ఇక మామ సంగతి. మాలో ఒకరి మేనమామ. వయసు నలభై దాటలేదు. ఒకప్పుడు చెట్టెక్కితే ఊరంతా చూసేవాళ్లు. తర్వాత తెల్లారి లేవగానే తాగకపోతే చేతులు నిలవని స్థితికి వచ్చాడు. ఒకరోజు అత్త పుట్టింటికి పోతానని మూట కట్టుకుంది. ఆ రోజు పంతం పట్టి మానేశాడు. మొదటి రోజు చెమటలు, వాంతులు, నిద్ర లేదు. రెండో రోజు ఒకసారి ఫిట్స్ వచ్చింది. మూడో రోజు రాత్రి గోడమీద పాములు పాకుతున్నాయని కర్ర తీసుకొని కొట్టడం మొదలుపెట్టాడు. సొంత బిడ్డని గుర్తుపట్టలేదు. గాలి సోకిందన్నారు. వడ్డెను పిలుచుకొచ్చారు. వడ్డె చేయి పట్టుకొని చూశాడు, తాడు కట్టాడు, కట్టి అన్నమాట ఇది: "నా పని నేను చేసిన. ఒళ్లు కాలుతోంది, ఇది నా ఒక్కడితో అయ్యేది కాదు, బండిని పిలవండి." 108లో ఆస్పత్రికి తీసుకుపోయారు. బతికాడు. ఆస్పత్రికి పంపింది వడ్డె అని కావాలనే రాస్తున్నాం. మన నమ్మకాల వల్లే మనవాళ్లు చస్తున్నారని బయట చాలా తేలిగ్గా అంటారు కాబట్టి.

ఆ మూడు రోజుల్లో జరిగినదేంటో తర్వాత డాక్టరమ్మ అత్తకు చెప్పింది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మందుకి తగ్గట్టు తనను మార్చుకుంటుంది. మద్యం మెదడుని నెమ్మది చేస్తుంది కాబట్టి, మెదడు తన వేగం పెంచుకొని నిలబడుతుంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే ఆ వేగం అట్లాగే మిగిలిపోతుంది. బ్రేకు తీసేసిన బండి లాగా. ఆఖరి గుటక పడిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేనివి కనబడటం, వినబడటం, జ్వరం, మతి తప్పడం జరుగుతుంది. దీనికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో అయితే వణుకు తగ్గించే మందులు రోజురోజుకీ తగ్గించుకుంటూ ఇస్తారు, బి1 విటమిన్ ఇస్తారు, ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూస్తారు.

అందుకే "మగాడివైతే రేపట్నించి మానేయ్" అనే మాట మనం అనకూడదు. బాగా ముదిరినోడికి ఆ మాట ప్రమాదం. ఇది ఒక్క మామ కథే కాదు, మన రాష్ట్రం రెండుసార్లు చూసింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. ఆ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపేవాళ్లు. కల్లు ఆగిపోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకు వందల మంది వచ్చారు. ఫిట్స్, మెడలు వంకర్లు పోవడం, పిచ్చి కేకలు. దాడులు తప్పని మేము అనం, విషం అమ్మేవాణ్ణి పట్టుకోవాల్సిందే. కానీ ఆ విషానికి అలవాటు పడ్డ ఒళ్లని ఎవరు పట్టుకోవాలన్న ఆలోచన దాడులకంటే ముందు ఉండాల్సింది. మళ్లీ 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసేసినప్పుడు, కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు ఇట్లాంటివాళ్లే బారులు తీరారు. మే 6న షాపులు తెరిచారు, జనం ఆ సంగతే మర్చిపోయారు.

సరే, మామ ఆస్పత్రి నుంచి బయటపడ్డాడు. అందరూ కష్టకాలం అయిపోయిందనుకున్నారు. అసలు కష్టం ఇంటికొచ్చాకే మొదలైంది.

మొదటి వారం చూడ్డానికి వచ్చారు. రెండో వారం నుంచి చావడి దగ్గర పందేలు. "ఎన్ని రోజులుంటాడంటావ్?" "పండగ దాకా కూడా ఉండడు." కొందరు నేరుగానే, "ఏం మామా, సన్యాసం తీసుకున్నవా?" అన్నారు. తాగేటప్పుడు పక్కన పదిమంది. మానేశాక ఒక్కడూ లేడు. ఇది గమనించండి. మనవాళ్లకు సాయంత్రం కూర్చునే చోటు, నవ్వే చోటు, కష్టం చెప్పుకునే చోటు అన్నీ ఆ సీసా చుట్టూనే ఉన్నాయి. సీసా వదిలేసినోడు స్నేహితుల్ని, బావమరుదుల్ని, కబుర్లని కూడా వదిలేయాల్సి వస్తోంది. కూలికి పోతే మేస్త్రీ సాయంత్రం సగం డబ్బులు, సగం క్వార్టర్ ఇస్తాడు. వద్దంటే మర్నాడు పనికి పిలవడు. మామకి వారంలో మూడు రోజులు పని లేకుండా పోయింది.

ఆ తర్వాత పండగొచ్చింది. ఆకు దొప్పలో పోసి ఇస్తే వద్దనడం మన దగ్గర చిన్న విషయం కాదు. ఇచ్చినవాణ్ణి కాదన్నట్టు, పెద్దల్ని కాదన్నట్టు. మామ ఆ రోజు పొద్దున్నే అడవిలోకి పోయి దాక్కుందామనుకున్నాడు. అత్త ముందురోజే ఊరి పెద్ద దగ్గరికి పోయి కూర్చుంది. ఏం చెప్పిందో మాకు తెలియదు. పండగనాడు అందరి ముందు ఆ ముసలాయన మామని పిలిచి దొప్ప చేతికిచ్చాడు. "కళ్లకద్దుకొని మొత్తం నేలకి పొయ్యి. నీ వాటా పెద్దలే తాగుతరు. నువ్వు అంబలి తాగు." ఇంతే అన్నాడు. ఎవరూ మారు మాట్లాడలేదు. పక్కనున్న కుర్రాడు నవ్వబోతే ముసలాయన ఒక్క చూపు చూశాడు.

మేము ఎనిమిది మందిమీ ఈ సంగతి ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో. ఆ ముసలాయన బడికి పోలేదు. కౌన్సెలింగ్ అనే మాట ఆయన విని ఉండడు. కానీ మానేసినోడికి కావాల్సింది ఆయనకి తెలిసింది: ఆచారం పోకుండా, పరువు పోకుండా, వద్దనగలిగే దారి. ఆ దారి ఊరి పెద్ద వేశాడు కాబట్టి అది ఊరి దారి అయింది. మామ ఒక్కడే పంతం పట్టి ఉంటే అది మామ మొండితనం అయ్యేది.

ఇంకో సంగతి. ఈసారి అక్క. డిగ్రీ రెండో ఏట చదువు ఆగిపోయింది. నిద్ర లేదు, ఎవరో చెవిలో తిడుతున్నారని ఏడ్చేది, అన్నంలో ఏదో కలిపారనేది. చాలా తిరిగారు, చాలా ఖర్చుపెట్టారు. ఒకచోట, ఆ చోటు పేరు రాయం, పదకొండు రోజులు కాలికి గొలుసు వేసి ఉంచారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చివరికి పెద్దాస్పత్రిలో మానసిక డాక్టరు దగ్గర మందులు మొదలయ్యాక మూడు నెలల్లో మనిషి మనిషైంది. మళ్లీ మేకలు కాస్తోంది, తమ్ముడికి లెక్కలు చెబుతోంది.

అయితే మందులకి నిద్ర ఎక్కువ వస్తుంది, ఒళ్లు వస్తుంది. ఊళ్లో "మందులకి అలవాటు పడింది, అవి లేకపోతే ఉండలేదట" అన్నారు. బాగైంది కదా, ఇంకెందుకని ఇంట్లోవాళ్లే ఆపేశారు. రెండు నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. ఇది మీ ఊళ్లోనూ జరుగుతూ ఉంటుంది. షుగర్ ఉన్నోడు రోజూ మాత్ర వేసుకుంటే షుగర్ మాత్రకి బానిస అని అనం కదా. తెలివి, ధైర్యం లేక వేసుకునే మందులు కావివి. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరు చెప్పాలి. ఒళ్లు బరువు, మత్తు ఎక్కువైతే అది కూడా డాక్టరుకే చెప్పాలి, మందు మార్చొచ్చు. దిగులు జబ్బుకి ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఐదో రోజున "ఏం లాభం లేదు" అని పారేస్తే నష్టం మనకే.

ఇంకో కష్టం మన దారులది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మనవాళ్లు ఎన్ని రోజులు రోడ్డు లేకుండా ఉన్నారో అందరికీ గుర్తే. బియ్యం గురించి ఆలోచించాం, గ్యాస్ గురించి ఆలోచించాం. మందుబిళ్లల గురించి ఎవరు ఆలోచించారు? వానలు ముదరక ముందే డాక్టరుకి పరిస్థితి చెప్పి నెలకి, కుదిరితే రెండు నెలలకి సరిపడా రాయించుకోవాలి. ఈ పని అక్క ఇంట్లో ఇప్పుడు తమ్ముడు చూస్తున్నాడు.

చట్టం గురించి కూడా తెలుసుకోండి, ఎందుకంటే మనకి తెలియదనే అవతలోడికి ధైర్యం. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే జబ్బుల్ని కూడా ఆ చట్టం మానసిక జబ్బుల్లోనే లెక్కేసింది. అంటే తాగుడు మానడానికి ఆస్పత్రికి వచ్చినోడు నేరస్తుడు కాదు, రోగి. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చోట వైద్యం పొందడం హక్కు. పేదవాళ్లకు ఉచితం. మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని ఆ చట్టం 95వ సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి ఆదుకోవాలి తప్ప కేసు పెట్టి వేధించొద్దని 115వ సెక్షన్. ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక జబ్బు కూడా ఉంది. ఏళ్ల తరబడి జబ్బుతో పని చేసుకోలేని మనిషి ఉంటే సదరం క్యాంపు సంగతి అడగండి.

ఇప్పుడు కొంచెం చరిత్ర. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా మీద లేచారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. చదువు రాని ఆడవాళ్లు ఒక ప్రభుత్వం మెడలు వంచారు, అది చిన్న గెలుపు కాదు. మనకి వాళ్లకు లేని ఆయుధం ఒకటి ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకీ, పంచాయతీకీ ఇవ్వాలి. గ్రామసభ పెట్టి తీర్మానం రాయించడం మన చదువుకున్నవాళ్లు చేయగల పని. కానీ దుకాణం మూయించడం సగం పనే. దుకాణం మూతపడ్డ మర్నాడు వణుకుతూ లేచే మనిషిని చూసుకోవడం మిగతా సగం. మొదటి సగానికి నినాదాలు ఉన్నాయి, జెండాలు ఉన్నాయి. రెండో సగానికి మనుషులు కావాలి.

"మేమేం డాక్టర్లమా?" అంటారు. దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం వైద్యం అందుతోందని 2019లో ఎయిమ్స్ వాళ్ల సర్వేలో తేలింది. మిగతా 37 మంది డాక్టరు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా? గోవాలో ఒక ప్రయోగం చేశారు. డాక్టర్లు కాని స్థానిక మనుషులకి శిక్షణ ఇచ్చి, తాగుడు హద్దు మీరిన మగవాళ్లతో నాలుగు విడతల దాకా కూర్చొని మాట్లాడించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లలో ఎక్కువమంది తాగుడు తగ్గించుకున్నారని, మానుకున్నారని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ముదిరిపోయి వణుకు పట్టినవాళ్లకు అది సరిపోదు, వాళ్లకు ఆస్పత్రి కావాల్సిందే. కానీ ఆ స్థితికి పోకముందు మాట పనిచేస్తుంది.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలో 14 మంది అవ్వలకి శిక్షణ ఇచ్చాడు. ఆస్పత్రి బయట చెక్క బెంచీ, దానిమీద అవ్వ, పక్కన కష్టం చెప్పుకునే మనిషి. అక్కడివాళ్లు దిగులు జబ్బుని తమ భాషలో "ఎక్కువ ఆలోచించడం" అంటారట. మన గూడేల్లో కూడా "ఆలోచన ఎక్కువైంది" అనే కదా అంటాం! ఆ బెంచీ పద్ధతి పనిచేస్తోందని తర్వాత పరిశోధనల్లో తేలింది. అమెరికాలో 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది కూడా మానలేక సతమతమైన ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవడంతోనే. మన దగ్గర అవ్వలకి కొదవా? వేపచెట్టు కింద అరుగులకి కొదవా?

సెలవులకి ఇంటికి పోతున్నాం కదా. మేము ఎనిమిది మందిమి కలిసి అనుకున్నవి ఇవి. మీకు నచ్చినవి తీసుకోండి.

ఒకటి. పేరుతో పిలుద్దాం, వరసతో పిలుద్దాం. తాగుబోతు, పిచ్చిది అనే మాటలు మన నోట రావొద్దు, మన ముందు ఎవరూ అనకుండా చూద్దాం.

రెండు. రోజూ తెల్లారి లేవగానే తాగే మనిషి మానతానంటే సంతోషించి ఊరుకోవద్దు. ముందు ఆస్పత్రికి తీసుకుపోదాం. ఫిట్స్, లేనివి కనబడటం, మతి తప్పడం ఉంటే వెంటనే 108. భద్రాచలంలో ఏరియా ఆస్పత్రి ఉంది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మానసిక డాక్టరు ఏ రోజు చూస్తారో ముందే కనుక్కొని పోతే ఒక రోజు కూలి మిగులుతుంది.

మూడు. తాగుడు మాన్పించే పొడి అని సంతలో అమ్మేవి, ఎవరో ఇచ్చిన మాత్రలు అన్నంలో దొంగచాటుగా కలపనివ్వొద్దు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకున్నాక మందు తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావొచ్చు. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూపులో ఇవ్వాల్సిన మందు అది.

నాలుగు. చీటీ చదివేది మన పని. మన ఇళ్లల్లో మాత్రల అట్ట మీద అక్షరాలు చదవగలిగేది చాలాచోట్ల మనమే మొదటివాళ్లం. పొద్దున వేసేది ఏది, రాత్రి వేసేది ఏది అని అట్టమీద సూర్యుడు, చందమామ బొమ్మలు గీసి ఇవ్వండి. అత్తకి మేము అట్లాగే గీసిచ్చాం. ఒక్కటి కూడా తప్పలేదు.

ఐదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. ఆ మూడు గంటలే కష్టం. ఆ టైముకి మనిషిని ఒంటరిగా వదలొద్దు. వాలీబాల్ ఆడండి, చేపలకి పిలవండి, పనిముట్టు చెక్కమని అడగండి, పాత కథలు చెప్పమనండి. నీతులు మాత్రం చెప్పకండి. ఆయనకి మనకంటే ఎక్కువ తెలుసు.

ఆరు. మళ్లీ తాగితే కథ అయిపోయినట్టు కాదు. మామ కూడా ఆరో నెలలో ఒకసారి తాగాడు. అత్త ఏడ్చింది. మర్నాడు బావమరిది వచ్చి ఒక్క మాట కూడా తిట్టకుండా "పద, డాక్టరు దగ్గరికి" అని బండెక్కించుకున్నాడు. నూట ఎనభై రోజులు తాగని మనిషి ఒక్కరోజు తాగాడు. మనం ఆ ఒక్కరోజుని లెక్కపెడతామా, నూట ఎనభైనా?

ఏడు. ఇంట్లో ఆడవాళ్లని అడగండి. మందుబిళ్లలు దాచేది, అప్పులు తీర్చేది, తన్నులు తిన్నది, ఇప్పుడు నమ్మాల్సింది కూడా వాళ్లే. ఆయన మానేశాడు కదా, ఇంకేం బాధ అనొద్దు. అత్త ఆరు నెలలపాటు రాత్రుళ్లు తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచేది. వాళ్లకీ నయం కావడానికి టైము కావాలి.

ఎనిమిది. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే నవ్వులాట చేయొద్దు. "చావాలన్న ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా ఉంచొద్దు. ఇంట్లో మిరప చేను కోసం తెచ్చిన పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు తాళం వేసి దూరంగా పెట్టండి. ఆ ఒక్క తాళం ప్రాణం నిలబెట్టొచ్చు. టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసం ఇంకో నంబరు 14446. ఫోన్‌లో సేవ్ చేసుకోవడం కాదు, ఇంటి తలుపు వెనక సుద్దముక్కతో రాయండి. మన ఇళ్లల్లో అదే పనిచేస్తుంది.

ఆఖరుది మన హాస్టళ్ల గురించి. ఒడిశా బార్డరు నుంచి గంజాయి మన దారిలోనే పోతుంది. ఒక బ్యాగు దాటిస్తే ఐదువేలు అన్న ఆశకి చదువుకునే పిల్లలు దొరికిపోతున్నారు. 20 కిలోల కంటే ఎక్కువ దొరికితే కనీసం పదేళ్ల జైలు. ఆ బ్యాగు ఇచ్చినోడు ఎప్పుడూ దొరకడు. అయితే అలవాటు పడ్డ తమ్ముడు వేరు, వ్యాపారం చేసేవాడు వేరు. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడిన కేసులోనో, కొద్దిపాటి సరుకు కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన ఆస్పత్రిలో వైద్యానికి ఒప్పుకొని పూర్తిచేస్తే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. రూమ్మేటు వాడుతున్నాడని తెలిస్తే రెండు దారులే అనుకుంటాం, దాచిపెట్టడం లేదా పట్టించడం. మూడోది ఉంది. చేయి పట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం. హాస్టల్ నుంచి గెంటేస్తే వాడు పోయేది నేరుగా ఆ బ్యాగు ఇచ్చినోడి దగ్గరికే.

ఇంతే. మామ ఇప్పుడు రెండో ఏడు నడుస్తున్నాడు. చేతులు కొంచెం వణుకుతాయి, చెట్టు ఎక్కడం మానేశాడు. మొన్న పక్క గూడెంలో ఒకాయన మానతానంటే మామే వెంటబెట్టుకొని ఆస్పత్రికి పోయాడట. మాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "అల్లుడూ, మానసిక డాక్టరు ఏ వారం ఉంటడో కనుక్కొని చెప్పు."

కాబట్టి మీ అందరికీ ఒక పని. మీ దగ్గర ఆస్పత్రుల్లో మానసిక డాక్టరు వచ్చే రోజులు, ఓపీ టైములు, అక్కడికి పోయే బస్సు వేళలు స్వయంగా పోయి కనుక్కొని ఇక్కడ రాయండి. మండలాల వారీగా జాబితా చేసి మేము పెడతాం. మనుషుల పేర్లు మాత్రం ఎవరివీ రాయొద్దు.

జోహార్.